రాజ్యశ్రీ పెట్టే ముక్కు

రాజ్యశ్రీ ఎవరి బొమ్మ వేసినా ఒకటే ముక్కు పెడుతుంది. కళ్లు వేరు, రంగులు వేరు, దేశాలు వేరు. ముక్కు మాత్రం పొడుగ్గా దిగి, నడుమ చిన్న మిట్ట లేచి, చివర ఎడమకి తిరిగిన ఆ ముక్కే.

కాకినాడ నుంచి జర్మనీలోని క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్‌కి ఇంజనీరింగ్ చదవడానికి వచ్చి, చదువు మధ్యలో వదిలేసి బొమ్మలు పట్టుకుంది. ఇప్పుడు బ్యోబ్లింగెన్‌లో మూతపడిన బేకరీ ఒకటి అద్దెకి తీసుకుంది. ఆమె వేసేది మగవాణ్ణి ప్రేమించిన మగవాళ్లని, ఆడదాన్ని ప్రేమించిన ఆడవాళ్లని, అందులోనూ మనలాంటి రంగున్నవాళ్లని. వీళ్లని జర్మన్లు రంగు చూసి దూరం పెడతారు, సొంతవాళ్లు ప్రేమ చూసి దూరం పెడతారు. ఇంత మర్యాద చాలక మళ్లీ ఈ ముక్కు కూడా దేనికని అడిగాను.

"నాకొచ్చిన ముక్కు ఇదొక్కటే. నచ్చితే చూడు, లేకపోతే లెగు," అంది.

పేపరువాడొకడు ఆ ముక్కు వలసపాలన గాయానికి ప్రతీక అని అరపేజీ రాశాడు. రాజ్యశ్రీ ఆ అరపేజీ పరిచి ఉల్లిపాయలు తరిగింది.

మా ఆఫీసులో పనిచేసే కరీంనగర్ చంద్రకాంత్ కూడా బొమ్మకి ఆమె ముందు కూర్చున్నాడు, ఘానా నుంచి వచ్చిన నర్సు కుర్రాడి భుజం మీద తల వాల్చి. ఇద్దరికీ ఆ ముక్కే పడింది. చంద్రకాంత్ చూసుకుని దిగాలుపడ్డాడు.

"అక్కా, గిది నేనేనా? మా ఇంటోళ్లు సూసినా గుర్తుపట్టరు."

"అయితే బాగా వచ్చినట్టే," అంది రాజ్యశ్రీ, కుంచె కడుక్కుంటూ.

బేకరీలోనే ప్రదర్శన పెట్టింది. ఆ సాయంత్రం డాక్టర్ భాస్కర్ రావు గారు భార్య కమల గారితో వచ్చారు. డెబ్బైల దశకంలో వచ్చి స్థిరపడ్డ మనిషి, మన తెలుగువాళ్లకి ఇక్కడ పెద్దదిక్కు. వచ్చింది కళ మీద ప్రేమతో కాదు. నిరుడు ప్రైడ్ ఊరేగింపులో మన కుర్రాడొకడు ఇంకో కుర్రాడి చెయ్యి పట్టుకుంటే, ఈయనే ఫొటో తీసి ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. చీకటి పడేలోపు అది వరంగల్‌లో వాళ్లింటికి చేరింది. మర్నాడు రూమ్మేట్లు అతని సామాను బయట పెట్టారు. ఆన్‌మెల్డుంగ్‌కి, అదే ఇక్కడి ఆఫీసులో తప్పనిసరిగా చేయించాల్సిన చిరునామా నమోదుకి, అడ్రసు కూడా లేకుండా తిరిగాడు పాపం. మన సంస్కృతి మాత్రం క్షేమంగా ఉంది.

ఆయన్ని చూడగానే చంద్రకాంత్ వంటగదిలోకి దూరాడు. తన బొమ్మ గ్రూపులోకి వెళితే ఉండే గదీ పోతుంది, ఇంటి తలుపూ మూసుకుంటుంది.

భాస్కర్ రావు గారు ఫోన్ పైకెత్తి ఒక్కో ముఖం దగ్గరా ఆగారు. మనవాళ్లెవరో తేలడం లేదు. చంద్రకాంత్ బొమ్మ దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగారు. ఈ ముక్కు ఎక్కడో చూశానని పైకే అన్నారు.

"అద్దంలో చూశారు," అన్నారు కమల గారు. "మీ ముక్కే అది. మీకుంది, మన నీనాకుంది."

నీనా వాళ్ల ఒక్కగానొక్క కూతురు. ఒకమ్మాయితో కలిసి బతుకుతోందని ఆరేళ్లుగా గడప తొక్కనివ్వలేదు. అడిగినవాళ్లకి ఆయన కెనడాలో పరిశోధన అని చెబుతారు.

ఆయన గోడల వెంట చూపు తిప్పారు. ఎటు చూసినా సొంత వంశమే. ఏ ఒక్క బొమ్మ గ్రూపులో పెట్టినా ముందు అడిగేది ఈయన ఇంటి సంగతే. ఫోన్ జేబులో పెట్టుకుని, కారు దగ్గర ఉంటానని వెళ్లిపోయారు.

నేను రాజ్యశ్రీ వైపు తిరిగాను. తప్పించుకోలేక చెప్పింది.

"మొదట కూర్చున్నది నీనాయే. భయమున్నోళ్లందరికీ నా ముక్కు పెట్టెయ్, నాకింక పోయేదేం లేదు అంది. పెట్టేశాను."

ఇన్నాళ్లూ ఆ ముక్కు మీద వేసిన జోకులన్నీ వెనక్కి తీసుకున్నాను. వంటగదిలోంచి చంద్రకాంత్ తొంగిచూశాడు.

కమల గారు కుర్చీ లాక్కుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని రాజ్యశ్రీ ఎదురుగా కూర్చున్నారు.

"నన్నూ వెయ్యమ్మా."

"మీక్కూడా నీనా ముక్కే పెట్టమంటారాండి?"

"వద్దు, నాది నాకే ఉంచు," అన్నారావిడ. "చూసినవాళ్లకి నేనేనని తెలియాలి."