తిరగకుండా వెళ్ళే చక్రాలు

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో మా సరుకుల షెడ్డు నేలంతా ఎటైనా దొర్లే ఇనుప గుండ్లు బిగించి ఉంటాయి. వాటి మీద టన్నుల బరువున్న పెట్టెను తోస్తే, దూరాన వాన వస్తున్నట్టు ఒక హోరు పుడుతుంది. ఈ ఉదయమూ పుట్టింది. అది వినబడితే చాలు, నాకు కరుణమ్మ ఆంటీ వంటగదిలోని ఏలకుల టీ వాసన వస్తుంది. షెడ్డులో ఉండేది డీజిల్ వాసనే. ఆ సంగతి ముక్కుకు చెప్పినా వినదు.

ఆంటీది నరసాపురం వైపు. నర్సుగా వచ్చి ఇక్కడే రిటైరైన మనిషి. ఆదివారం మధ్యాహ్నాలు ఒక జర్మన్ చర్చి హాల్లో మా తెలుగువాళ్ళకు వాక్యం చెప్పేది. అక్కడ అందరూ బ్లూకార్డు వీసా మీద వచ్చిన ఇంజనీర్లు. నేను ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి, మా ఆవిడ ఉద్యోగం పుణ్యాన ఇక్కడ దిగినవాణ్ణి. ఆమె డిగ్రీలో సగం నాదేనని చెప్పుకుంటే అందరూ నవ్వేవారు. చదవడం మాత్రం కూడబలుక్కుంటే గాని రాదు, ఎవరైనా చదవమంటారేమోనని భయం. అందుకే ముందుగానే నవ్వించేవాణ్ణి.

ఒక ఏడాది ఆంటీ చూపుకు మధ్యలో మసక కమ్మింది. అంచుల్లో తప్ప ఏమీ కనిపించదు. ఒక ఆదివారం తన పెద్దక్షరాల బైబిలు తెచ్చి నా చేతిలో పెట్టి, చదవమంది.

“కళ్ళజోడు మర్చిపోయానాంటీ.”

“నీకు కళ్ళజోడు ఎప్పుడుందిరా ప్రసాదూ? ఇంకో అబద్ధం చెప్పు, కాస్త కొత్తది.”

హాలంతా గొల్లుమంది. ఆ సందట్లో పుస్తకాన్ని పక్కనున్న కార్ల కంపెనీ ఇంజనీరుకు అందించేశాను. అతను చదివింది యెహెజ్కేలు ప్రవక్త దర్శనం. చెరపట్టి తెచ్చిన పరదేశంలో, నది ఒడ్డున ఆయనకు ఆకాశం తెరుచుకుంది. అగ్ని నిండిన మేఘం, రెక్కల జీవులు, చక్రంలో చక్రం, పైన నీలమణి లాంటి సింహాసనం, చుట్టూ వానవిల్లు వెలుగు. ఆ చక్రాలు పక్కకు తిరగకుండానే నాలుగు దిక్కులకూ వెళ్తాయట.

“స్టీరింగ్ లేకుండా ఎలా కుదురుతుందాంటీ?” అన్నాడు ఇంజనీరు.

“ఎందుకు కుదరదండీ? మా డ్యూటీలో రోజూ చూస్తున్నా.” నోరు జారింది. ఇక తప్పక గుండ్ల నేల సంగతి చెప్పాను. పెట్టె ముఖం తిప్పదు, ఎటు తోస్తే అటు జరుగుతుంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. నన్ను అంచు చూపుతో పట్టుకోవడానికి ఆంటీ తల కాస్త పక్కకు తిప్పింది. “ఆ ప్రవక్త దాన్ని గుళ్ళో చూళ్ళేదురా, దేశం కాని దేశంలో చూశాడు. సింహాసనం కింద చక్రాలెందుకంటావ్?”

“మనకు టెర్మిన్ అపాయింట్‌మెంట్ దొరక్కపోయినా దేవుడే మన దగ్గరికి రావడానికాంటీ.”

ఆవిడ కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వింది. “జోకేశాననుకుంటున్నావు. బుధవారం ఇంటికి రా. ఉన్న చూపు కూడా పోయేలోగా నేను ఆ దర్శనాన్ని చూడాలి. నువ్వు చదువు.”

బుధవారాలు డ్యూటీ నుంచి నేరుగా వెళ్ళేవాణ్ణి. అక్షరం కింద వేలు పెట్టి, ఒత్తు దగ్గర పడుతూ, దీర్ఘం దగ్గర లేస్తూ చదివేవాణ్ణి. టీ చల్లారిపోయేది. ఆవిడ కళ్ళు మూసుకుని, “ఆగు, ఆ రెక్కల చప్పుడు మళ్ళీ చదువు,” అనేది. ఆ చప్పుడు నాకూ తెలుసు, షెడ్డులో విన్నదే. ఒక్కోసారి గోడలు పలచబడి, మేమిద్దరం ఏదో నది ఒడ్డున కూర్చున్నట్టుండేది.

ఒక సాయంత్రం ఎక్కడా తడబడకుండా వానవిల్లు దాకా వచ్చేశాను. ఆంటీ కళ్ళు తెరిచింది.

“మధ్యలో ఏం కనబడదురా,” అంది మెల్లగా. “చుట్టూ మాత్రం వెలుగు.”

నాకు వెంటనే ఒక జోకు తోచింది. జీవితంలో మొదటిసారి దాన్ని మింగేశాను.

ఆంటీ పోయాక ఆ పెద్దక్షరాల పుస్తకం నా దగ్గరికి వచ్చింది. ఆ దర్శనం పేజీలో వరుసల కింద నా వేలి గ్రీజు మరకే. సింహాసనం వచ్చే వరుసకు ముందే ఆ మరక ఆగిపోతుంది. మొదట్లో అంతదూరం చేరేవాళ్ళమే కాదు, చేరేనాటికి వేలు అక్కర్లేకపోయింది. ఇప్పుడు ఆదివారాలు హాల్లో నేనే చదువుతున్నాను. నాకు నిజంగానే కళ్ళజోడు వచ్చింది. దాన్ని మర్చిపోయి వెళ్ళిన రోజు కూడా ఆ ఒక్క పేజీ చదవగలను.