గడప దాటాక చీపురు

డెబ్భైల చివర్లో, వన్‌టౌన్‌లోని మా అద్దె ఇంటికి రోజూ ఒక పిలవని చుట్టం వచ్చేది. పోర్టు మీంచి గాలి తిరిగితే చాలు, ఎర్రటి ఖనిజం దుమ్ము కంచాల మీద, పరుపుల మీద, దేవుడి పటాల మీద కూర్చునేది. కిటికీలు మూసినా ఆగేది కాదు. మా చెల్లికి ఐదేళ్లు, పుట్టినప్పటి నుంచీ ఆయాసం. దుమ్ము ఎక్కువైన రోజు దాని ఛాతీలో పిల్లికూతలు వినబడేవి. ఇంట్లో దుమ్ము నిలవనివ్వకూడదని డాక్టరుగారు అమ్మకు గట్టిగా చెప్పారు. అమ్మ ఆ మాటను నోములా పట్టింది.

ఒక్కటే చిక్కు. మనిషి గడప దాటిన వెంటనే ఇల్లు ఊడవకూడదు. శవం లేచాకే అలా వెంటనే ఊడ్చి కడుగుతారు. అందుకని నాన్న డ్యూటీకి వెళ్ళాక అమ్మ కాసేపు చేతులు కట్టుకుని కూర్చునేది.

ఆ ఉదయం చెల్లికి ఊపిరి అందలేదు. నాన్న సైకిలు వీధి మలుపు తిరగకముందే అమ్మ ఇల్లంతా ఊడ్చి, ఫినాయిలు నీళ్ళతో కడిగేసింది. చెల్లి తేరుకుంది. మధ్యాహ్నానికి కబురొచ్చింది, దారిలో నాన్నను లారీ గుద్దేసిందని. ఇంట్లో ఇంకా ఫినాయిలు వాసన పోలేదు.

శవం పక్కన కూర్చుని పక్కింటి మామ్మ అమ్మతో అంది, "ఎల్తన్న మనిషెనకాలే ఇల్లు కడిగేసినావేటే" అని. ఆవిడ పోయి ఎన్నేళ్ళయినా ఆ మాటకు నా కడుపు మండుతూనే ఉంది.

అమ్మ చీపురు ముట్టుకోవడం మానేసింది. నేను ముట్టుకోబోయినా లాక్కునేది. నేలంతా దుమ్ము పేరుకుని, నడిస్తే పాదముద్రలు పడేవి. అమ్మ వంగి వాటిని ఒక్కొక్కటే చూసేది. వాటిలో నాన్న పాదం కోసం వెతుకుతోందని నాకు ఆలస్యంగా తెలిసింది. ఈలోగా చెల్లికి పిల్లికూతలు మళ్ళీ మొదలయ్యాయి.

దాన్ని బడిలో వేసిన రోజు నాతో పాటు బయల్దేరి, గడప దగ్గర ఆగింది. మూలనున్న చీపురు తెచ్చి అమ్మ చేతిలో పెట్టి, ఎగపోస్తూనే అంది.

"నాను బడికెల్తన్నానమ్మా. నువ్వు ఊడ్సీ. నాను వచ్చేత్తాను."

సాయంత్రం మేం తిరిగొచ్చేసరికి ఇల్లు తుడిచి ఉంది. అమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది, పొద్దున్నించీ అన్నం తిన్నట్టు లేదు. చెల్లి పాదాలు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మర్నాడూ చెల్లి చీపురు చేతికిచ్చి గడప దాటగానే అమ్మ మళ్ళీ ఊడ్చింది. అది పెళ్ళయి వెళ్ళేదాకా, రోజూ దాని ప్రాణం మీదికి తెస్తున్నానని వణుకుతూనే, దాని ఊపిరి కోసం ఊడ్చింది.