మూడో క్వార్టర్‌లో దిగే పిల్ల

కాలేజీలో నాలుగేళ్లు బాస్కెట్‌బాల్ ఆడాను. అందులో ఒక్క మ్యాచ్ కూడా మొదటి నిమిషం నుంచి ఆడలేదు. ఈ మాట పైకి చెప్పడానికి ఒకప్పుడు చచ్చేంత సిగ్గుగా ఉండేది. ఇప్పుడు లేదు. ఎవరైనా "అయ్యో పాపం" అంటే మాత్రం ఒళ్లు మండుతుంది.

మా ఇల్లు మండవల్లి దగ్గర. నాన్నగారివి చేపల చెరువులు. కాలేజీ వట్లూరులో. పొద్దున్నే కైకలూరు వచ్చి, అక్కడ బస్సు మారి, కొల్లేరు దాటి ఏలూరు చేరి, మళ్లీ ఆటో ఎక్కి కాలేజీకి వెళ్లేసరికి ప్రాక్టీసు సగం అయిపోయేది. హాస్టల్ పిల్లలు అప్పటికే చెమటలు కక్కుతూ ఉండేవాళ్లు. మొదటి ఐదుగురిలో నాకు చోటు దొరకకపోవడానికి ఆ బస్సులే కారణమని అప్పట్లో నా గట్టి నమ్మకం. రోజూ దారి పొడుగునా వాటిని తిట్టుకునేదాన్ని.

మాకు ఆట నేర్పే పీడీ మేడమ్ ఆలస్యానికి ఏమీ అనేవారు కారు. నేను ఆటో దిగీ దిగగానే బంతి విసిరి, "సంచి అక్కడ పడేసి ఒక్కటి వెయ్యమ్మా" అనేవారు. ఒళ్లు వేడెక్కకుండా, ఒక్క అడుగైనా పరిగెత్తకుండా, ఫ్రీత్రో గీత దగ్గర నిలబడి ఒకే ఒక్క షాట్. పోతే పోయినట్టే, రెండోది ఉండదు. మొదటి నెలంతా నా బంతి రింగుకు కొట్టుకుని పక్కకే పోయింది.

తప్పు నా ఎడమ బొటనవేలిదని ఆవిడే కనిపెట్టారు. కుడిచేత్తో వేస్తున్నానని నేను అనుకున్నా, వదిలే క్షణంలో ఆ వేలు బంతిని కాస్త తోసేది. దాంతో అది అడ్డంగా గింగిరాలు తిరిగేది.

"ఎడంచెయ్యి ఆనించడానికేనమ్మా, తొయ్యడానిక్కాదు. మోచెయ్యి బంతి కిందుండాలి. వదిలాక మణికట్టు ముందుకి వాలాలి."

చెప్పి ఊరుకోలేదు, నా బొటనవేలిని పక్క వేలికి రుమాలుతో కట్టేశారు. నెల్లాళ్లు అలాగే సాధన చేశాను. ఇంట్లో మంచం మీద వెల్లకిలా పడుకుని బంతిని నిటారుగా పైకి వేసేదాన్ని. ఫ్యాన్ రెక్క ఒకటి వంగింది, అమ్మ చేత తిట్లు తిన్నాను. బస్సులో ఖాళీ చేత్తో మణికట్టు వాలుస్తూ ఉంటే కండక్టర్ చూసి, "ఎవరికమ్మా ఆ టాటాలు? కైకలూరు దాటి అరగంటయ్యిందిగా" అన్నాడు. బస్సంతా నవ్వింది. సిగ్గేసింది గానీ చెయ్యి ఆపలేదు. వానలు వెలిసేనాటికి సంచి దింపి వేసిన బంతి చాలాసార్లు వలలోనే పడేది.

ఇంత నేర్చుకునీ మ్యాచ్‌లో దిగితే చేతులాడేవి కావు. మిగతా నలుగురూ సీనియర్లు. పెద్దవాళ్లుండగా మనం చొరవ చేయకూడదని మా ఇళ్లలో చిన్నప్పటి నుంచీ నూరిపోస్తారు. బంతి అందగానే "మీరెయ్యండక్కా" అని ఇచ్చేసేదాన్ని. ఒకసారి రింగు కింద ఒంటరిగా ఉండి కూడా ఇచ్చేశాను. మేడమ్ వెంటనే నన్ను బయటికి పిలిచారు.

"మర్యాదలు మీ ఇంట్లో భోజనాల దగ్గర చెయ్యి తల్లీ. ఇక్కడ నీ చేతికొచ్చింది నీదే."

రెండో ఏడాది తాడేపల్లిగూడెంలో కాలేజీల పోటీ వచ్చింది. సరిగ్గా అప్పుడే, నేను ఆటలో ఎక్కువసేపు కూర్చునే ఉంటానని ఎవరో నాన్నగారి చెవిన వేశారు.

"కూర్చోడానికా అమ్మా చీకటితో లేచి అంత దూరం వెళ్తన్నావు? గూడెం నేనూ వస్తాను. మొదట్లోనే దింపితే ఆడుకో. లేదంటే ఇంక ఆట మానేసి చదువుకో" అన్నారు. నాన్నగారు మాటంటే మాటే.

మర్నాడే మేడమ్ దగ్గరికి వెళ్లి సంగతి చెప్పి, నన్ను మొదట దింపమని అడిగాను. అడిగానని మెత్తగా అంటున్నాను గానీ, పోట్లాడాను. ఆవిడ అంతా విన్నారు.

"దింపనమ్మా. మనవాళ్లు అలిసిపోయి, అవతలివాళ్లకి మనాట అలవాటైపోయాక, చల్లటి చేత్తో వచ్చి మొదటి బంతే వెయ్యగలిగిన పిల్ల కావాలి నాకు. మొదలెట్టడానికి చాలామందున్నారు. దానికి నువ్వొక్కత్తివే."

రోజూ ఆటో దిగగానే వేయించిన ఆ ఒక్క బంతి ఎందుకో అప్పుడు తెలిసింది. అయినా కోపం చల్లారలేదు. ఇంట్లో ఏమీ చెప్పలేదు. ఎన్ని నిమిషాలు దొరికితే అన్నీ ఆడాలి, దొరికిన బంతిని ఎవరికీ ధారపోయకూడదు అని మాత్రం గట్టిగా అనుకున్నాను.

గూడెంలో నాన్నగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మెట్ల మీద ముందు వరసలో కూర్చున్నారు. మొదటి ఐదుగురూ దిగారు. నేను బెంచీ మీదే ఉన్నాను. ఆయన వైపు చూసే ధైర్యం లేక చూపంతా ఆట మీదే పెట్టాను. అవతలి పొడుగు పిల్ల రింగు కింద నుంచి బయటికి రావడం లేదు. ఎడమ మూల ఎప్పుడూ ఖాళీగానే ఉంటోంది.

మూడో క్వార్టర్ మధ్యలో పదకొండు పాయింట్లు వెనకబడ్డాం. మేడమ్ నా భుజం తట్టారు. నేరుగా ఎడమ మూలకు పరిగెత్తాను. బంతి వచ్చింది. కెప్టెన్ అక్క రెండడుగుల దూరంలో చేతులు చాచి, "ఇటియ్యవే" అంది.

ఇవ్వలేదు. మోచెయ్యి బంతి కిందికి తెచ్చాను, బొటనవేలిని కదలనివ్వలేదు. బంతి రింగుకు తగలకుండా వలలో పడింది. తర్వాతదీ పడింది. మూడోసారి అక్కే నన్ను వెతుక్కుని మరీ బంతి ఇచ్చింది. నేను పన్నెండు పాయింట్లు వేసేసరికి తేడా రెండుకు దిగింది.

ఆట ముగియడానికి ఇంకో నాలుగు నిమిషాలుందనగా మేడమ్ నన్ను వెనక్కి పిలిచేశారు. నాన్నగారు మెట్లు దిగి బెంచీ దగ్గరికే వచ్చేశారు.

"ఏవండీ, వేసే పిల్లని కూర్చోబెట్టారేంటండీ?"

"తన పని తను చేసేసిందండీ. ఇప్పుడా పొడుగమ్మాయిని ఆపేవాళ్లు కావాలి. మీరూ కూర్చోండి" అన్నారు మేడమ్, ఆట మీంచి కళ్లు తిప్పకుండా.

నాన్నగారు నా పక్కన కూర్చున్నారు. ఆ నాలుగు నిమిషాలూ ఇద్దరం బెంచీ అంచుకి జరిగి చూశాం. మూడు పాయింట్ల తేడాతో గెలిచాం. కానీ నన్ను మొదట దింపలేదు. ఆయన పెట్టిన షరతు అలాగే ఉంది.

తిరిగి వస్తుంటే, బస్సు కొల్లేరు దాటుతుండగా ఆయన అడిగారు.

"మొదట దింపరని నీకు ముందే తెలుసా?"

"తెలుసు నాన్నా."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మాన్పించేవారు కదండీ."

"మాన్పించేవాణ్ణే" అన్నారు. అబద్ధమాడటం ఆయనకు చేతకాదు. చెరువుల వైపు చూస్తూ, "మీ మేడమ్ గారితో చెప్పమ్మా, నిన్నెప్పుడు దింపాలో ఆవిడిష్టమని" అన్నారు.

గెలిచినప్పుడు రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.