తీగ మీద కాగితం ముక్క

దగ్గరికొచ్చి కూర్చోండి, మా ఇంట్లో కిరాయికున్న సైన్సు సారు సంగతి చెప్తాను. అరవై తొమ్మిదిలో, తెలంగాణ ఉద్యమానికి బడులు మూతపడ్డప్పుడు, దిల్‌సుఖ్‌నగర్‌లో మా ముందుగదిలో ఉండేవారు. కోస్తా మనిషి. బిందె అయినా కిటికీ చువ్వ అయినా వేలితో కొట్టి, కళ్ళు మూసుకొని వినేవారు. "ముందు వినాలమ్మా, లెక్క తర్వాత," అనేవారు.

గొడవలు ముదిరేసరికి ఊరికి వెళ్ళిపోదామనుకున్నారు. వెళ్ళేలోపు వాడకట్టు పిల్లలకు ఒక్క పాఠమైనా చెప్పాలని ఒక చెక్కకు రెండు తీగలు బిగించారు. ఒక తీగ మీద మడిచిన కాగితం ముక్క పెట్టారు. రెండూ ఒకే స్వరంలో ఉంటే, రెండో తీగ మీటగానే కాగితం తనంతట తానే ఎగిరిపడాలట. పొద్దుటినుంచీ కొలిచారు, లెక్కలు వేశారు. కాగితం కదల్లేదు. సాయంత్రమే బస్సు.

"సారు మంత్రం మర్చిపోయిండు!" అని పిల్లలు నవ్వారు.

బతుకమ్మ పాటలు తప్ప బడి ఎరగనిదాన్ని, రోలు దగ్గర నుంచే అన్నాను: "సారూ, గా కాగితం తీగ జర కిందికి పల్కుతున్నది. మీరు ఇయ్యాల చెవి పెట్టి వింటలేరు."

ఆయన గతుక్కుమన్నారు. కళ్ళు మూసుకొని, వింటూ ఆ తీగ బిగించారు. రెండోది మీటారు. కాగితం ఎగిరింది.

"కంగారులో నా పాఠం నేనే మరిచానమ్మా. ఇక మీరే చెప్పండి," అని చెక్క నా చేతుల్లో పెట్టి బస్సెక్కారు. బడులు తెరిచేదాకా పిల్లలకు ఆ కాగితం నేనే ఎగిరించి చూపాను.

మీ ఇంట ఎవరు పలికినా వినే చెవి ఒకటి ఉండాలి. చల్లగా ఉండండి.