సోయి ఉన్న పొయ్యి

మొన్న మంగళవారం పొద్దున మా వదిన పోయింది. నాచారంలో అన్న ఇంటి ముందు టెంటు వేసి కుర్చీలు దించుతుంటే, వచ్చినవాళ్ళంతా ఒకటే మాట: "మస్తు నిమ్మళంగ పోయింది." పోవడం నిమ్మళంగానే పోయింది, నిజమే. బతకడం మాత్రం అట్లా బతకలేదు. అన్నింటికీ సంబరమే ఆమెకు. కూరలో ఉప్పు సరిగ్గా పడ్డా సంబరమే. ఆమె గురించి ఏడుపు గొంతుతో రాద్దామని కూర్చుంటే నాకు చేతకావడం లేదు. తలుచుకుంటే చాలు, ఒంట్లో హుషారు పుడుతోంది.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యాస్ పొయ్యిలు చేసే ఒక చిన్న కంపెనీలో వదిన టెస్టింగ్ మీద ఉండేది. తయారైన ప్రతి పొయ్యికీ గాలి పట్టించి, అతుకుల మీద సబ్బు నురుగు రాసి, బుడగ లేస్తుందా అని చూడడం ఆమె పని. ఆ చూపు కంపెనీ గేటు దగ్గర వదిలిపెట్టి రావడం ఆమె వల్ల కాలేదు. పెళ్ళికి పోతే పెళ్ళికొడుకు కంటే ముందు వంటవాళ్ళ సిలిండర్లను చూసొచ్చేది. కొంగు ముడిలో ఎప్పుడూ ఒక షాంపూ ప్యాకెట్ ఉండేది, ఎక్కడ అనుమానం వస్తే అక్కడ నురుగు రాయడానికి. పోయిన వారం దవాఖానాలో కూడా ఆక్సిజన్ గొట్టం అతుకు మీద వేలు పెట్టి, "మరిదీ, గిది జర వదులున్నట్టుంది, సిస్టర్ను పిలువు" అంది. సిస్టర్ వచ్చి చూసి, బాగానే ఉందమ్మా అంది. "అయితె మంచిది" అని అటు తిరిగి పడుకుంది.

నేను రాయాలనుకున్నది పడవ సంగతి. తెలంగాణ వచ్చే ముందటి ఏడాది. మాది సాగర్ దగ్గరి ఊరు, అన్నా నేనూ నీళ్ళ మీద పెరిగినవాళ్ళం. నేను అప్పుడు నాచారంలోనే ఫైబర్ నీళ్ళ ట్యాంకులు చేసే షెడ్డులో ఉన్నాను. ట్యాంకు చేసే చేతులకు పడవ చేయడం రాదా అని మా మేస్త్రీకి ఒకరోజు పురుగు తొలిచింది. ఇక ఆదివారాలన్నీ షెడ్డు వెనక జాగాలోనే. నలుగురు పడుకునేంత గూడుతో పదహారడుగుల పడవ తయారైంది. అన్న కోరిక ఒక్కటే: "నడి నీళ్ళల్ల, మన పడవల, చాపల పులుసు ఉడకాలె. మూడు దినాలు ఒడ్డు మొఖం సూడొద్దు."

మేస్త్రీ ఉప్పల్ నుంచి పొయ్యి మోసుకొచ్చాడు. మూడు బర్నర్లు, పైన నల్లటి అద్దం. అందులో మా మొహాలు చూసుకుని మురిసిపోయాం. బరువు అడుగున ఉంటే పడవ ఊగదు కదా అని సిలిండర్‌ను అడుగు చెక్కల కింద పెట్టాం. ఆ తెలివికి మమ్మల్ని మేమే మెచ్చుకున్నాం.

కొత్త ఇంట్లో పొంగించినట్టే కొత్త పడవలోనూ పాలు పొంగించాలని అన్న పట్టు. పొంగించే చెయ్యి వదినదే. పడవ ఇంకా ఇనుప స్టాండ్ల మీదే ఉంది. దాని ముక్కుకు పసుపు కుంకుమ పెట్టి, నలుగురం గూట్లో ఇరుక్కుని కూర్చున్నాం. పాలు పొంగి, గిన్నె అంచు దాటి, బుస్సుమని పొయ్యి మీద పడ్డాయి. "పొంగినయ్! పొంగినయ్!" అని మా అరుపులు. వదిన అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతోంది. మేస్త్రీ కొబ్బరికాయ కొట్టాడు. అన్న పళ్ళెంలో కర్పూరం పెట్టి అగ్గిపెట్టె తీశాడు.

చప్పట్లు ఆగిపోయాయి.

"అగ్గిపెట్టె!" అని ఒక్క కేక పెట్టి, అన్న చేతిలోంచి గుంజి బయటికి విసిరేసింది వదిన. పొంగిన పాలకు మంట ఎప్పుడో ఆరిపోయింది. నాబ్ తిప్పి పెట్టినట్టే ఉంది, గ్యాస్ వస్తూనే ఉంది. నాబ్ కట్టేసి, చెక్క లేపి సిలిండర్ కట్టేసి, "దిగున్రి, అందరు దిగున్రి" అని మమ్మల్ని బయటికి తోసింది.

"బంద్ జేసినవ్ కద వదినా, పావుగంటల అదే వోతది" అన్నాడు మేస్త్రీ.

"ఎటు వోతది? గ్యాస్ గాలికంటె బరువు, నీళ్ళ లెక్క అడుక్కు దిగుతది. ఇంట్లయితె తలుపు తీస్తే గడప మీదికెల్లి పోతది. పడవకు గడప యాడుంది? గిది గిన్నె. దీంట్ల వడ్డది దీంట్లనె ఉంటది."

పావుగంట తర్వాత నేను తల వంచి చూశాను. అడుగున వాసన అట్లాగే గుప్పుమంటోంది. సిలిండర్ దించి, షెడ్డులో ఉన్నవాళ్ళందర్నీ పిలిచి, పడవను పక్కకు వంచాం, బిందెలో నీళ్ళు ఒంపినట్టు. "కనవడనిదాన్ని ఒంపుడేంది?" అని మేస్త్రీ గొణిగాడు. "ఒంపు, మాట్లాడకు" అంది వదిన. గేటు దగ్గర జనం ఆగి మరీ చూశారు.

అన్నీ అయ్యాక వదిన ట్యాంకు మూత మీద కూలబడింది. "గిన్నేండ్ల సంది పొయ్యిలు సూస్తున్న. నేను గూడ సప్పట్లు కొట్టిన. నాబ్ సంగతి యాదికే లేదు." అన్నకు అపశకునమన్న భయం పట్టుకుంది. "పడవ వద్దు, ఏమొద్దు. నీళ్ళు నింపి బర్లకు పెడ్దాం" అన్నాడు. అన్ని ఆదివారాల పని మట్టిలో కలుస్తుందని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వదిన ఒప్పుకోలేదు. "పడవ ఏం జేసింది? మనిషి సంబరపడ్తడు. సంబరంల సోయి ఉండది. గందుకని సంబరం బంద్ జేస్తమా? సోయి పొయ్యికి ఉండాలె. మంట ఆరితె గ్యాస్ దానంతట అదే ఆగాలె. గసొంటిది దొర్కేదాక పడవ నీళ్ళల్ల దిగది."

ఇక మా తిరుగుడు మొదలైంది. నా బండి మీద వెనక వదిన, ఆమె చేతిలో నీళ్ళ సీసా. ఉప్పల్, అంబర్‌పేట్, ఏ దుకాణాన్నీ వదల్లేదు. పొయ్యి అంటించమనేది, మంట మీద నీళ్ళు గుమ్మరించేది, చెవి పెట్టి వినేది. "అమ్మా, పొయ్యి కొననీకొచ్చినవా, ఆర్పనీకొచ్చినవా?" అన్నాడు ఒక సేఠ్. "ఆర్పనీకె. ఆరినంక ఏమైతదో సూసి కొంట" అంది. నాకు సిగ్గూ, నవ్వూ, ఆమె పక్కన నిలబడినందుకు గర్వం కూడా. ఎక్కడా దొరకలేదు. చివరికి వాళ్ళ కంపెనీలోనే, బయటి దేశాలకు పంపే రకంలో ఒకటి ఓనర్ను బతిమాలి తెచ్చింది. రెండే బర్నర్ల చిన్న స్టీలు పొయ్యి. బర్నర్ పక్కన చిన్న పుల్ల లాంటిది ఉంటుంది; మంట వేడి దానికి తగిలినంతసేపే గ్యాస్ వస్తుంది. అది చల్లబడితే లోపల టక్‌మని మూసుకుంటుంది. అంటించేటప్పుడు నాబ్ కాసేపు నొక్కి పట్టుకోవాలి. మేస్త్రీకి అది విసుగు. "పానం కోసం గంతసేపు వట్టలేవా?" అనేది వదిన.

పొయ్యిని బోల్టులతో బిగించాం, గిన్నె జారకుండా చుట్టూ కమ్మీలు పెట్టాం. సిలిండర్‌ను అడుగు నుంచి తీసేసి, పడవ వెనక గూటి బయట పెట్టెలో కట్టాం. లీకైతే బయటికే పోయేట్టు ఆ పెట్టె అడుగున, నీటి మట్టానికి పైన, రంధ్రం వేయించింది. ప్రతి అతుకుకూ షాంపూ నురుగు రాసింది. ఒక్క బుడగ లేవలేదు. ఆమె మొహం చూడాలి అప్పుడు!

సాగర్ నడి నీళ్ళలో మళ్ళీ పాలు పెట్టింది. అన్న పడవ ముక్కు మీద కర్పూరం పళ్ళెంతో కూర్చున్నాడు, ఈసారి అగ్గిపెట్టె తీయకుండా. పాలు పొంగాయి, మంట ఆరింది. నాబ్ ఎవరూ ముట్టొద్దని వదిన ముందే చెప్పింది. అందరం పొయ్యి వైపే చెవులు పెట్టాం. టక్‌మంది. వదిన వెనక్కి పోయి సిలిండర్ కట్టేసి వచ్చి, మోకాళ్ళ మీద వంగి, అడుగు చెక్కలకు ముక్కు ఆనించి చాలాసేపు అట్లాగే ఉండిపోయింది. అన్న చూపు ఆమె వీపు మీదే.

తల ఎత్తింది. "అంటియ్యి" అంది.

కర్పూరం వెలిగింది. వదిన చప్పట్లు మొదలుపెట్టింది, పాల చేతులతోనే, గాజులు గలగలమంటుంటే. ఆ చప్పుడు అవతలి కొండలకు తగిలి మళ్ళీ మా వైపే వచ్చింది. అవతల కూడా ఎవరో సంబరపడుతున్నారనుకుందో ఏమో, అటు తిరిగి ఇంకా గట్టిగా కొట్టింది.