పులుపెక్కిన రీలు

మొన్న శాన్ రామన్‌లో మా మనవరాలు స్కూల్ ప్రాజెక్ట్ కోసం లాప్‌టాప్‌లో పాత అమెరికన్ న్యూస్‌రీల్ ఒకటి పెట్టి, "అమ్మమ్మా, ఈ పిల్లలంతా కెమెరాకి ఎందుకు బై చెప్తున్నారు?" అని అడిగింది. ఆ నలుపు తెలుపు బొమ్మలు చూడగానే నా ముక్కుకు పుల్లటి వాసన తగిలింది.

మీలో చాలామందిలాగే నేనూ అమెరికా వచ్చిన కొత్తలో దొరికిన పనిలో చేరినదాన్నే. ఓ ఫిల్మ్ భాండాగారం నేలమాళిగలో కూర్చుని, ఒకప్పుడు హాళ్లలో సినిమాకు ముందు వేసిన పాత న్యూస్‌రీళ్లు తిప్పి చూసి, వాటిలో ఏముందో కార్డుల మీద రాయడం నా ఉద్యోగం. సమ్మె చేసే కార్మికులు, రొట్టె కోసం వరుసకట్టిన మనుషులు, హైవే కోసం కూల్చబోయే వీధిలో చేతులూపే పిల్లలు. ఆ వీధికి ఏం మూడిందో వ్యాఖ్యాత హుషారుగా చెబుతుంటే నాకు ఒళ్లు జలదరించేది.

ఆ చలికాలం గదిలో పుల్లటి వాసన మొదలైంది. నా లంచ్‌బాక్సులోని ఊరగాయదే అనుకున్నాను! అంతకుముందే బస్సులో ఒకామె నా పక్కనుంచి లేచి వెళ్లిపోతే సిగ్గుతో చచ్చిపోయానేమో, ఎవరికీ చెప్పకుండా ఊరగాయ మానేసి పెరుగన్నానికి, అదీ మానేసి బ్రెడ్డుకు దిగాను. వాసన మాత్రం రోజురోజుకీ పెరిగింది. కోటు ఉతికాను, తల రెండుసార్లు రుద్దుకున్నాను, చివరికి నా ఒంట్లోంచే వస్తోందేమోనని భయపడి, మా పై అధికారిణి వస్తే గుమ్మంలోనే ఆపి కార్డులు అందించేదాన్ని.

వసంతంలో ఓ నల్లజాతి పెద్దాయన వచ్చారు. కూల్చేసిన ఆ వీధి ఆయనదే. చిన్నప్పుడే పోయిన చెల్లెలి ఫొటో ఒక్కటీ లేదట. మెట్ల మీద రెండు జడల పిల్ల చెయ్యి ఊపుతోందని నేను రాసిన కార్డు నకలు లైబ్రరీలో చదివి, ఆశగా బయల్దేరి వచ్చారు. డబ్బా మూత తీయగానే అదే వాసన గుప్పుమంది. రీలంతా ముడుచుకుపోయి, ముద్దలా అంటుకుపోయింది. ఫిల్మ్ కుళ్లితే ఇలాగే పులుస్తుందనీ, వాసన తగిలినరోజే చెప్పి ఉంటే నకలు తీసేవాళ్లమనీ అధికారిణి అంటుంటే, తగిలిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"నువ్వు చూశావుగా, ఎలా ఉందో చెప్పమ్మా," అన్నారాయన, తన ఇంగ్లీషులో, మెల్లగా. చెప్పాను. కళ్లు మూసుకుని విన్నారు.

ఇప్పుడు మా మనవరాలు ఆవకాయ డబ్బా స్కూల్లో అందరిముందూ మూత తీసి తింటుంది, అది చూసి నాకెంత సంతోషమో చెప్పలేను. పాత బొమ్మలన్నీ వేలి చివరికే వచ్చేశాయి. ఆ రెండు జడల పిల్ల మాత్రం నా జ్ఞాపకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు. ఈమధ్య ఆమె ఊపింది ఏ చెయ్యో ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.