చేతులు తుడుచుకునే బావగారు

మా వియ్యంకుడు ఇంజన్ ముట్టుకునే ముందు జేబురుమాలుతో చేతులు శుభ్రంగా తుడుచుకునేవారు. పని అయ్యాక తుడుచుకునే మెకానిక్కులనే చూసిన నాకు ఆ వరస అనుమానంగా ఉండేది.

బస్సు డిపోలో మెకానిక్‌గా రిటైరైన ఆయన, ఆరు నెలలు ఉండడానికి అమెరికాలో, ఫ్రీమాంట్‌లోని మా ఇంటికి వచ్చారు. ఇంటి ముందు డ్రైవ్‌వేలో నా పాత మోటర్‌హోమ్ ఉంది, మంచం, వంటిల్లు అన్నీ ఉన్న బండి. ఫ్రీవే మీద బాగానే పోతుంది, సిగ్నల్ దగ్గర ఆగిందంటే ఇంజన్ కాగిపోతుంది. దాన్ని తుక్కుకు అమ్మించాలని మా కోడలి పట్టుదల. కూతురు పురమాయిస్తేనే ఈయన బానెట్ ఎత్తాడనుకున్నాను. పుస్తకాలు చదివి రేడియేటర్ సొంతంగా మార్చినవాణ్ణి, నాకు పాఠం చెప్తాడా అని ఒళ్లు మండింది.

ఇంజన్ బాగా వేడెక్కాక ఆపించి, ఫ్యాన్‌ను చేత్తో ఒక్క తోపు తోశారు. అది గిరగిరా తిరిగింది.

"బాగానే తిరుగుతోందిగా," అన్నాను.

"అదే జబ్బు బావగారూ. ఇంత వేడిలో చేతికి బిగువుగా తగలాలి. వేడెక్కినప్పుడు దాన్ని పట్టి తిప్పే ఫ్యాన్ క్లచ్ పోయింది. బండి పరుగెడితే గాలి దానంతటదే వస్తుంది, నిలబడితే ఈ ఫ్యానే దిక్కు."

"మీ అమ్మాయి ఏం చెప్పమంది?"

"ఇంజనే పోయిందని చెప్పమంది." తన చేతులు ఓసారి చూసుకున్నారు. "తుడుచుకున్న చేత్తో ఇంజన్‌ను ముట్టుకున్నాక అబద్ధం ఎలా చెప్పను?"

క్లచ్ మార్చాను. ఆయన ఊరెళ్లేదాకా మా కోడలు తండ్రితో ముభావంగానే ఉంది. బండి ఇంకా డ్రైవ్‌వేలోనే ఉంది. బానెట్ ఎత్తే ముందు ఇప్పుడు నేనూ చేతులు తుడుచుకుంటున్నాను.